మూడో గూడు

వాగు ఒడ్డున తుమ్మచెట్టుకి బుజ్జులు అనే కుర్ర గిజిగాడు అల్లిన గూడు గాలికి పడిపోయింది. ఇలా పడటం మూడోసారి.

“నాకు చేతకాదు తాతా” అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడు.

తాత గిజిగాడు వాడి పక్కకు జరిగి కూర్చున్నాడు.

“మొదటిది ఎలా పడిందిరా?”

“ముడి జారిపోయింది.”

“రెండోది?”

“ముడి దగ్గర గడ్డిపోచ తెగింది.”

“మరి ఇది?”

బుజ్జులు కిందికి దిగి చూశాడు. గూడు బురదలో పడివుంది. దాని కొసన విరిగిన కొమ్మముక్క, దాని చుట్టూ బిగుసుకునే ఉన్న ముడి.

“తాతా, ముడి ఊడలేదు! కొమ్మే విరిగింది!”

“అయితే నీ ముక్కుకి అల్లే పని పట్టుబడిపోయిందిరా నాయనా” అంటూ తాత వాడి రెక్కలు దువ్వాడు.

బుజ్జులు ఈసారి గడ్డి కోసం వెళ్ళలేదు. చెట్టంతా తిరుగుతూ ఒక్కో కొమ్మ మీదా గెంతి గెంతి చూడసాగాడు.