మసక లేని ఫోటో

కింది వాటా డ్రైవరుకి చూపు సగం పోయిందని మేడమీదావిడ అందట. ఇస్త్రీ బట్టలు తెచ్చిన మనిషి ఆ మాటా మోసుకొచ్చింది.

"మొన్న డిపో గేటు స్తంభానికి బస్సు రాసుకుంటూ పోయాడట. షుగరున్న మనిషికి అంత బండి ఎలా అప్పజెప్పారో, ఎక్కేవాళ్ళ ప్రాణాలకి విలువే లేదా అందమ్మా! నాకెందుకొచ్చిన గొడవ, విన్నది చెప్పాను" అని మూట దించి వెళ్ళిపోయింది.

డ్రైవరు భార్య బట్టల మూట విప్పనైనా లేదు. మేడమీదావిడ నోట పడిందంటే దండోరా వేసినట్టే. అనుకున్నంతా అయింది. వారం తిరక్కుండా డిపో నుంచి కాగితం వచ్చింది. కంటి వెనక నరాల ఫోటో తీయించుకుని, డాక్టరు సంతకంతో రావాలి. బాగుంటే బస్సు. లేకపోతే షెడ్డులో బస్సులు కడగడం.

"ఇరవై రెండేళ్ళు స్టీరింగు పట్టిన చేత్తో చీపురు పట్టాలా?" డ్రైవరు కంచం తోసేశాడు. "వెళ్ళి నీ తమ్ముణ్ణి అడుగు. ఆ బటన్‌గాడు ఎందుకు పనికొస్తాడో చూద్దాం."

ఆ ఫోటోలు తీసేది ఆవిడ తమ్ముడే. ఊళ్ళో ఉన్న ఒక్క కంటాసుపత్రిలో, ఒక్క చీకటి గదిలో, ఒక్క మిషను దగ్గర. "గడ్డం ఆనించండి, రెప్ప వెయ్యకండి అని రెండు ముక్కలు నేర్చుకుని, బటన్ నొక్కి పొట్ట పోసుకుంటున్నాడు" అని బావ నలుగురిలో ఆడిపోసుకునేవాడు. తమ్ముడు నవ్వేసి, పక్కనున్న నీళ్ళ సీసా ఎత్తి గడగడా తాగేవాడు. అంతకుమించి ఎదురు చెప్పి ఎరగడు.

అక్క వెళ్ళేసరికి మిషను అద్దం తుడుస్తున్నాడు. చిక్కి సగమయ్యాడు. వేళకి తినడు, ఒంటరి వెధవ అనుకుంది. విషయం చెప్పింది.

"మసక లేకుండా తీయడం వరకే నా పని అక్కా. అందులో ఏముందో చదవడం డాక్టరమ్మ పని. నాకు అన్నీ ఒకటే, నాలుగు ఎర్ర వేళ్ళూ, మధ్యలో ఓ పసుప్పచ్చ బిళ్ళా."

"అదంతా నాకెందుకురా? మీ బావ బస్సు మీ బావకి దక్కాలి. ఏం చేస్తావో చెయ్యి."

"తెలిస్తే నన్ను మెడపట్టి గెంటేస్తారు."

"అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. చంకనేసుకు తిరిగిందెవర్రా?"

తమ్ముడు అద్దం తుడవడం ఆపి గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"గురువారం పొద్దున్నే, జనం రాకముందే బావని తీసుకురా. ఎలా అని మాత్రం అడక్కు. నీకు తెలియకపోవడమే మంచిది."

గురువారం అక్క వరండాలో బెంచీ మీద కూర్చుంది. బావా బావమరిదీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. తలుపు కింది సందులోంచి మెరుపు మెరిసింది. కాసేపాగి ఇంకోటి.

ముందు మొగుడు బయటికొచ్చాడు, ఈలేసుకుంటూ. "ఇదా వీడి ఉద్యోగం! చిన్నపిల్లలు చేస్తారు" అన్నాడు.

వెనకాలే తమ్ముడు. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. గోడ తడుముకుంటూ వచ్చి బెంచీ అంచున కూలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడనివాడు, మనసు నొచ్చుకుంది కాబోలని చేతిరుమాలు అందించింది అక్క.

"ఊరుకోరా. నీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

పది గంటలకి డాక్టరమ్మ మొగుణ్ణీ పెళ్ళాన్నీ లోపలికి పిలిచింది. తమ్ముడు ఫైలు బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాడు. తెర మీద రెండు ఎర్రటి గుండ్రాలు వెలిగాయి.

డాక్టరమ్మ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత పెన్ను కొసతో ఒక్కొక్కటే చూపించింది.

"ఈ ఎర్ర మచ్చలన్నీ లోపల కారిన నెత్తురు. ఈ సన్న నరాలు చూశారా, గడ్డి వేళ్ళలా అల్లుకున్నవి? ఇవి ఉండకూడదు. రేపో మాపో చిట్లుతాయి. కుడి కన్ను దాదాపు అయిపోయింది. ఎడమది ఆరునెలలు ఆగితే గొప్ప. మందూ మాకూ లేకుండా ఏళ్ళకేళ్ళు వదిలేసిన షుగరు ఇది. కిడ్నీలు కూడా చూపించుకోవాలి."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. రెండు చేతులా బల్ల అంచు పట్టుకున్నాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు! బటన్‌గాడు, బటన్‌గాడు అన్న ప్రతిసారీ నవ్వి మింగిందంతా ఈరోజు కక్కాడన్నమాట.

"కడుపులో ఇంత పెట్టుకున్నావట్రా?" గొంతు చించుకుంది. "అదను చూసి నా సంసారం మీద కొట్టావు కదరా! నా చేతి ముద్దలు తిని పెరిగావు. నీ కళ్ళు పోతాయిరా! కటిక గుడ్డివాడివై గోడలు పట్టుకు తిరుగుతావు!"

తమ్ముడు బల్ల అంచు వదిలి గోడకి ఆనుకున్నాడు.

"ఆయన్నంటారేంటమ్మా? ఉన్నదే కదా ఫోటోలో వచ్చింది" అని కసిరింది డాక్టరమ్మ. డిపో కాగితం ముందుకి లాక్కుంది. 'పనికిరాడు' అన్న చోట పెన్ను ఆనింది. డ్రైవరు చూపు ఆ పెన్ను మీదే ఉంది.

"అసలీ కళ్ళు పెట్టుకుని ఇన్నాళ్ళూ బస్సెలా నడిపారండీ?"

"నేను బటన్ నొక్కానంతే డాక్టరమ్మా, ఆ కళ్ళు మా బావమరిదివి."