తలుపుకి బొట్టు

"పిల్లని ఒక్క నిమిషం కనిపెట్టుకుని ఉండలేవా?"

నుదుటికి కట్టుతో ఉన్న నాలుగేళ్ళ మేధని ఆసుపత్రి నుంచి తెచ్చి సోఫాలో దించుతూ నిరంజన్ భార్య మీద విరుచుకుపడ్డాడు.

దోహాలో ఒక పెద్ద కంపెనీకి అతను సేఫ్టీ మేనేజరు. ఏడాది పొడుగునా సైటులో ఒక్క ప్రమాదమూ జరగనందుకు షీల్డు వచ్చింది. ఆ సంబరానికే ఇవాళ బాసుని భోజనానికి పిలిచాడు. ఆయన రానే వచ్చాడు. ఆ సందడిలో మేధ పెరట్లోకి పరుగెత్తబోయి, మూసి ఉన్న అద్దాల తలుపుకి గుద్దుకుంది. చివరికి బాసు కారులోనే ఆసుపత్రికి పోవలసి వచ్చింది.

"రోజూ అక్కడే ఆడుతుందండీ. ఎప్పుడూ గుద్దుకోలేదు," అంది ప్రతిమ. "పొద్దున మీరే బ్లేడు పెట్టి మరీ ఆ తలుపు తుడిచారు."

"తుడవక? అద్దం కనిపిస్తే చాలు, బొట్టుబిళ్ళలు అంటిస్తావు. నీ అలవాటు చాలదన్నట్టు దానికీ నేర్పావు. తలుపంతా దాని ఎత్తున ఎర్రచుక్కలే! బాసు చూస్తే ఏమనుకుంటాడు?"

నిరంజన్ కూతురి పక్కన కూర్చున్నాడు.

"అంత పెద్ద తలుపు కనపడలేదా తల్లీ?"

"తలుపుకి బొట్టు లేదుగా నాన్నా! తీసే ఉందనుకున్నా."

నిరంజన్ అటు చూశాడు. పెరట్లోని ఖర్జూరం చెట్టు చెయ్యి చాస్తే అందేలా ఉంది. మధ్యలో తలుపనేదే ఉన్నట్టు లేదు.

గొంతు తగ్గించి అడిగాడు.

"ప్రతిమా, నీ దగ్గర కాస్త పెద్ద బొట్టుబిళ్ళలు ఉన్నాయా?"