ముక్కపప్పు పొట్లం

ఢిల్లీ వాళ్లు వచ్చే రోజునే ఒక పెద్దావిడ మందస బస్సు దిగి కాలేజీలోకి వచ్చింది.

నేతచీర, భుజాన గుడ్డసంచీ, కాళ్లకు రబ్బరు చెప్పులు. నేరుగా కంప్యూటర్ల గది గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది.

“ఏటమ్మా, మన మాట ఇని రాసీసే మిషను ఇక్కడేనేటి?”

లెక్చరర్ సుధారాణికి ఆ పొద్దున ఊపిరి తీసుకునే తీరిక లేదు.

కాశీబుగ్గలోని ఆ చిన్న కాలేజీకి కంప్యూటర్ పరిశోధన నిధులు ఇవ్వాలో వద్దో ఢిల్లీ కమిటీ ఆ మధ్యాహ్నమే తేల్చేస్తుంది. వద్దంటే అద్దె కంప్యూటర్లు వెనక్కి, గదికి తాళం.

సుధారాణి తయారు చేస్తున్నది ఆ చుట్టుపక్కల ఉద్దానం పల్లెల మాట అర్థం చేసుకునే మిషను.

కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన ముసలమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసి “కాళ్లు పొంగిపోనాయి బాబూ” అంటుంది. ఇప్పుడున్న మిషన్లు ఇంకేదో రాసి డాక్టరు ముందు పెడతాయి. ఆ రాత మారాలన్నది సుధారాణి పంతం.

అసలు ఇలాంటి ఊళ్లకు ఆ పరిశోధన నిధులు అడిగే దారే ఉండేది కాదు. మొత్తం పెద్ద నగరాలే పంచుకునేవి. చిన్న ఊళ్ల కాలేజీలకూ, పల్లె మాటకూ అందులో వాటా ఉండాలని ఈ మధ్యే కేంద్రం విధానంలో ఒక నిబంధన చేరింది.

దాన్ని పట్టుబట్టి పెట్టించిన పుణ్యాత్ములెవరో సుధారాణికి తెలియదు. వాళ్ల కడుపు చల్లగా ఉండాలని మాత్రం రోజూ అనుకునేది. ఒక్కసారి కనబడితే కాళ్లకు దణ్ణం పెడతానని తోటి లెక్చరర్ రమేష్‌తో ఎన్నిసార్లు అందో.

మిషనుకు నేర్పడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి గొంతులిచ్చి వెళ్తుంటారు. ఈవిడా అందుకే వచ్చిందనుకుంది సుధారాణి.

“గొంతివ్వడానికి కాదమ్మా, నాను ఊరికే సూసెల్దామని...”

“సూద్దువుగానిలే అమ్మా. ముందిలా కూకుని ఏదో ఒకటి సెప్పు.”

మెత్తటి కుర్చీలు ఢిల్లీ వాళ్ల కోసం తుడిచి పెట్టి ఉన్నాయి. పెద్దావిడను ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి మైకు ముందుకు జరిపింది.

ఆవిడ నవ్వుకుని మొదలుపెట్టింది. తిత్లీ తుపానుకు కూలిపోయిన తమ జీడితోట గురించి చెప్పింది. నష్టం రాసుకోవడానికి వచ్చి కారైనా దిగకుండా వెళ్లిపోయిన ఆఫీసర్లను దులిపేసింది. ఆ తిట్లకు రమేష్ నవ్వాపుకోలేకపోయాడు.

గొంతిచ్చిన వాళ్లను వట్టి చేతులతో పంపరక్కడ. జీడిపప్పు ఊరు కదా, తలా ఒక పొట్లం చేతిలో పెడతారు. ఆ రోజు బల్ల మీద రెండు రకాలున్నాయి. విరగని గుండు పప్పు ఢిల్లీ వాళ్లకు, ముక్కపప్పు మిగతావాళ్లకు.

పెద్దావిడ గుండు పప్పు వైపు చూసింది. సుధారాణి కాస్త ఇబ్బందిగానే, అవి పెద్దోళ్లకని చెప్పి ముక్కపప్పు అందించింది.

“ఇదే మంచిదిలే తల్లీ, పాయసంలోకి. నువ్వు బెంగెట్టుకోకు, నీ పని జరిగిపోద్ది.”

అని పొట్లం సంచీలో వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కారొచ్చింది. చైర్మన్‌కు తెలుగు ముక్క రాదు. పక్కనున్న కమిటీ మెంబరు ప్రసన్నలక్ష్మి గారు మాత్రం మన తెలుగావిడే.

మిషను ఎన్ని గొంతులు విని రాసినా చైర్మన్ మొహంలో చిన్న మెచ్చుకోలు కూడా లేదు. నేర్పిన గొంతులు ఎలాగూ రాస్తుంది, దానికి తెలియని గొంతు ఒకటి పెట్టమన్నాడు.

సుధారాణి దాచిన గొంతులన్నీ మిషనుకు నేర్పేసినవే. పొద్దున వచ్చినావిడ గొంతు మిషనుకు ఇంకా నేర్పలేదని రమేషే గుర్తుచేశాడు.

పెట్టారు. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి.

“పడిపోనాదనుకున్న సెట్టే పక్కకి సిగురేసింది. కారు దిగి సూస్తే గదా తెలిసేది.”

ప్రసన్నలక్ష్మి గారు వింటూ ప్రతి మాట మీదా వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. చివరికి వేలు తీసేసి, ఒక్క తప్పూ లేదని చైర్మన్‌తో చెప్పారు.

ఆయన తలాడించాడు. నిధులు ఇవ్వాలనే రాస్తామన్నాడు.

గది హోరెత్తిపోయింది. రమేష్ బల్ల మీద దరువేశాడు. సుధారాణికి కన్నీళ్లు ఆగలేదు, తుడుచుకోనూ లేదు. ఉద్దానం మాట ఢిల్లీ దగ్గర నెగ్గింది మరి!

చైర్మన్ మాత్రం ఆ గొంతే మళ్లీ పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఏమీ అర్థం కాకపోయినా, ఆఫీసర్లను తిట్టే చోటికి వచ్చేసరికి ఫక్కున నవ్వి, ఈ మనిషి ఎక్కడుందని అడిగాడు.

ఎవరో పల్లెటూరావిడ, ఎప్పుడో వెళ్లిపోయిందంది సుధారాణి. అలా మాట్లాడే మనిషితో ఢిల్లీ ఆయనకేం పనో ఆమెకు అంతుపట్టలేదు.

ఆయన ఇంగ్లీషులో చెప్పుకుపోతుంటే ప్రసన్నలక్ష్మి గారు తెలుగులో చెప్పారు.

“ఈ గొంతు ఆయన గుర్తుపట్టారమ్మా. కోపమొస్తే ఈవిడ ఢిల్లీ మీటింగుల్లోనూ ఇంగ్లీషు వదిలేసి ఇలాగే దులిపేసేవారట. ఒక్కరికీ అర్థమయ్యేది కాదట, అయినా అందరూ నోరు మూసుకుని వినేవారట. రాజులమ్మ గారని, ఢిల్లీలో పెద్ద ఉద్యోగం చేసి ఈ మధ్యే రిటైరై సొంతూరు వచ్చేశారట. చిన్న ఊళ్లకి వాటా ఇవ్వాల్సిందేనని ఏళ్ల తరబడి పోట్లాడి ఆ నిబంధన రాయించింది ఆవిడే.”

బల్ల మీద గుండు పప్పు పొట్లాలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

కనబడితే కాళ్లకు దణ్ణం పెడతానని సుధారాణి రోజూ అనుకునే ఆ పుణ్యాత్మురాలు, పొద్దున ఆ స్టూలు మీదే కూర్చుని, మిషనుకు తన గొంతు కూడా ఇచ్చేసి, ముక్కపప్పు పొట్లంతో మందస బస్సెక్కి వెళ్లిపోయింది.