డ్రిల్ రోజు సెలవు

తప్పు చేసింది మా మేనేజర్ శ్రీధర్. బోధన్ రోడ్డులోని మా పసుపు ప్యాకింగ్ కంపెనీలో అగ్నిప్రమాద డ్రిల్ పెట్టిన ప్రతిసారీ, చక్రాల కుర్చీలో పనికి వచ్చే త్రివేణక్కను ఆ రోజు రావద్దనేవాడు. మంటలొస్తే లిఫ్టు ఆపేస్తారు. మా హాలేమో రెండో అంతస్తులో ఉంది.

"నీ మంచికే చెప్తున్న. సెలవు తీసుకో."

"మంటలొచ్చిన్నాడు గూడ నాకు సెలవేనా సార్?" అంది అక్క.

ఆ మాటకు మా రక్తం ఉడికింది. గేటు ముందు బైఠాయించాం. శక్కర్‌నగర్ చౌరస్తా నుంచి మోస్రా దాకా చందా డబ్బా తిప్పి, మనిషిని మెట్ల మీదుగా మోసి దించే కుర్చీ కొన్నాం. దానికి దండ వేశాం, ఫొటోలు దిగాం.

నిన్న డ్రిల్. అక్క మొదటిసారి వచ్చి, ఆ కుర్చీలో మెట్ల దగ్గర కూర్చుంది. గంట మోగింది.

అందరం ఉరికాం. గేటు దగ్గర జిందాబాద్ కొట్టబోతుంటే, పైన మెట్ల కిటికీలోంచి అక్క గొంతు వినిపించింది.

"కుర్చీ మంచిగుంది తమ్మీ. పట్టేటోళ్లే సెలవు పెట్టిండ్రు."

శ్రీధర్ మా మొహాలు చూశాడు. మేం అతని మొహం చూశాం. ఎవరు మోయాలో అతనూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

రేపు పొద్దున పదింటికి మళ్లీ గంట మోగుతుంది. చందా వేసినవాళ్లంతా రండి. కలిసే చోటు గేటు కాదు. పైన, మెట్ల దగ్గర, అక్క కుర్చీ పక్కన.