కోటు జేబులో కార్డు

“తేదీ లేదు, పేరు లేదు. అలాంటి కార్డు గోడమీద పెట్టొద్దంటున్నారు మా ప్రొఫెసర్,” అంది సంయుక్త దిగులుగా.

పక్క ఫ్లాట్ పెద్దావిడ ఫ్రౌ మాన్సెర్ టీ కప్పు ఆమె ముందుకు జరిపింది.

ఓటు హక్కు ప్రచారానికి ఆడవాళ్లు వాడిన పోస్టుకార్డులతో జర్మనీలోని హైడెల్‌బర్గ్ యూనివర్సిటీలో ఎగ్జిబిషన్ రేపే. సంయుక్త ఎక్కడెక్కడివో తెచ్చి పోగుచేసింది. కానీ ఆమె మనసు దోచుకున్నది మాత్రం ఈ స్విట్జర్లాండ్ పెద్దావిడ ఇచ్చిన కార్డే. బొమ్మలో పొడుగు గౌన్ల ఆడవాళ్లు చేతులెత్తి నిలబడ్డారు. వెనక ముత్యాల్లాంటి అక్షరాలు: ‘యోజెఫ్, ఆదివారం మైదానంలో నువ్వు చెయ్యెత్తాలి. నా కోసం కాకపోతే మన పాప కోసం.’

“మీ అమ్మమ్మగారిదా?” అని మొదటిరోజే అడిగితే ఆవిడ నవ్వి ఊరుకుంది.

“దీనికి స్టాంపు కూడా లేదేంటండీ?”

“పోస్టు చేస్తే కదా! తిన్నగా మొగుడి కోటు జేబులోకి వెళ్లింది. మా ఊరు అప్పెంజెల్‌లో మగవాళ్లంతా మైదానంలో చేరి, చేతులెత్తి తేల్చేవాళ్లు, ఆడవాళ్లకి ఓటు ఇవ్వాలా వద్దా అని.”

“మరి ఆయన ఎత్తాడా?”

“ఎత్తాడు. పక్కవాళ్లు నవ్వారు. ఓటు రాలేదు. ఇంటికొచ్చి ఆ పూట వంట తనే చేశాడు.”

సంయుక్త కళ్లు చెమర్చాయి. “తర్వాత?”

“తర్వాత కోర్టు ఇప్పించింది. మొదటిసారి మైదానానికి పెళ్లాం చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్లాడు. ఎత్తాల్సి వచ్చినప్పుడు మాత్రం వదిలాడు.”

ఫోన్ మోగింది. ఎగ్జిబిషన్ పనిలో తోడున్న క్లాస్‌మేట్ శశికాంత్. “సంయూ, ప్రింట్ షాప్ క్లోజ్ చేసేస్తున్నారు. ఆ ఒక్క లేబుల్ సంగతేంటి? వదిలేద్దామా?”

“వద్దు శశీ, ప్లీజ్. రెండు నిమిషాలు ఆపు వాళ్లని.”

ఫోన్ పెట్టేసి నిట్టూర్చింది. “పాపం, ఆ కాలం ఆడవాళ్లు! ఇంత చేసినావిడ పేరైనా మిగల్లేదు. ప్రొఫెసర్‌ని బతిమాలుకుంటాను. ఇలా పెట్టనా?” అంటూ కాగితం చూపించింది.

‘రాసినవారెవరో తెలియదు. సుమారు 1910.’

ఫ్రౌ మాన్సెర్ కళ్లజోడు పెట్టుకుని, పెన్ను అందుకుని, రెండు ముక్కలూ కొట్టేసింది.

కింద ‘1990’ అని వేసి, అవే ముత్యాల్లాంటి అక్షరాలతో తన సంతకం చేసింది.