కచాలా వెనక వరస

"బడిలో పిల్లలు లేనివాళ్లు ఇక్కడ నిలబడకూడదు. నువ్వు బయటికి నడు, జైలోసీ!" అని కచాలా అరిచాడు.

కచాలాకి పోటీగా దిగిన ఫెలేసియా వెనక వరస కట్టబోతున్న జైలోసి ముసలాయన నివ్వెరపోయాడు. "నా మనవడు చదివేది ఇక్కడేగా!"

"చదివేవాడు. పోయిన నెల వాళ్లమ్మ పట్నం తీసుకుపోలేదూ? బిడ్డ బడి దాటితే నీ హక్కూ దాటినట్టే. ఓటుకైనా, కమిటీకైనా అదే రూలు. ఏం హెడ్మాస్టరు గారూ?"

హెడ్మాస్టరు తల ఊపాడు. రూలు నిజమే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. ముసలాయన కర్ర ఊనుకుంటూ గట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

బడి కమిటీ ఛైర్మన్ ఎన్నికంటే డెడ్జా కొండల్లోని ఆ ఊళ్లో చీటీలూ పెట్టెలూ ఉండవు. పోటీదార్లు మైదానంలో ఎడంగా నిలబడతారు. తల్లిదండ్రులు నచ్చినవాళ్ల వెనక వరస కడతారు. ఎవరు ఎవరి వెనక నిలబడ్డారో ఊళ్లో కోళ్లకి కూడా తెలిసిపోతుంది. ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క పిండిమిల్లు ఇప్పటిదాకా ఛైర్మన్‌గా ఉన్న కచాలాది. అందుకే అతని వెనక వరస గోల్‌పోస్టు దాకా సాగింది. ఫెలేసియా వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు మాత్రం తలలు దించుకుని నిలబడ్డారు.

"నీళ్లు మోసి, మట్టి తొక్కి, బట్టీ పెట్టి ఇటుకలు కాల్చింది మనం!" ఫెలేసియా గొంతు చించుకుంది. "పిల్లలకి గదులు కట్టడానికని కాల్చాం. ఆ ఇటుకలు ఈయన మిల్లు గోడలయ్యాయి. మన పిల్లలు దుమ్ములో కూర్చుంటున్నారు. ఇంకా ఈయన వెనకే నిలబడతారా? సిగ్గులేదూ మీకు?"

"సిగ్గు పిండి ఆడిస్తుందా, అమ్మాయ్?" అన్నాడు కచాలా.

వరసంతా నవ్వింది. నవ్వని వాళ్ల వైపు అతను ఓసారి చూశాడు. వాళ్లూ నవ్వారు.

మర్నాటి నుంచి మిల్లు దగ్గర ఫెలేసియా మొక్కజొన్న బుట్ట అందరికన్నా చివర. దాని వంతు వచ్చేసరికి డీజిలు అయిపోయేది. ఆమె ఇంటికొచ్చి రోట్లో దంచుకుని, పలుకులు తగిలే న్సిమా సంకటి పిల్లాడికి పెట్టేది. వాడు ముఖం చిట్లిస్తే ఆమె మిల్లు వైపు చూసి తిట్టుకునేది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం కచాలా వాకిట్లోకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"ఓడిపోయాను, ఛైర్మన్ గారూ. మళ్లీ ఎన్నికలు మూడేళ్లకి గాని రావు. అందాకా ఎవరితోనని పోట్లాడను? మీ అమ్మాయి తియామికే ఎనిమిదో తరగతి చదవడం ఇది మూడోసారి కదా. పెళ్లికి ముందు నేనూ పంతులమ్మనే. రోజూ వచ్చి చదువు చెప్తాను. నా పిండి నా వంతుకి ఆడించండి, చాలు."

కచాలా కడుపు పట్టుకుని నవ్వాడు. అతని పెద్దపిల్లలంతా పెళ్లిళ్లై వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ఈ కడగొట్టు పిల్లే. "దాని బుర్రలోకి ఏదీ దిగదు. అయినా నీ ఓపిక. ఇక్కడే, వాకిట్లోనే కూర్చుని చెప్పు. ఊరు చూడాలి."

ఊరు చూసింది. చూసి ఉమ్మింది కూడా. ఎన్నికనాడు ఆమె వెనక మొదట నిలబడ్డ మగిరెటా బోరింగు దగ్గర అడ్డం నిలబడింది.

"పిండికి అమ్ముడుపోయావటే? నీ వెనక నిలబడ్డ పాపానికి మేమింకా దంచుకుంటూనే ఉన్నాం. నువ్వు వాడి కూతురికి అక్షరాలు దిద్దిస్తావా?"

"నా బిందె నిండనీ, మగిరెటా."

"నింపుతా, ఉండు!" అని మగిరెటా బిందెను కాలితో తన్నేసింది. పక్కనున్న వాళ్లెవరూ లేవనెత్తలేదు. ఫెలేసియా తడిసిన బట్టలతోనే ఇంటికెళ్లి, తలుపేసుకుని ఏడ్చింది.

ఆ కసినంతా పిల్ల మీద తీర్చుకుంటోందని అందరూ అనుకునేంత కఠినంగా చదువు చెప్పేది. లెక్క తప్పితే మళ్లీ, మళ్లీ తప్పితే మళ్లీ. "నాకు రాదు, పిన్నీ" అని తియామికే ఏడిస్తే, "రాదన్నది మీ నాన్న. నువ్వనకు" అని కసిరేది. నిజానికి పిల్ల మొద్దు కాదు. దాన్ని అంతా తిట్టినవాళ్లే గాని, కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

వానలు వెళ్లి, చలి ముదిరాక ఫలితాలొచ్చాయి. హెడ్మాస్టరు సైకిలు దిగకుండానే మిల్లు ముందు కేకేశాడు. "తియామికే పాసయింది! ఆడపిల్లల పెద్ద బోర్డింగు బడిలో సీటొచ్చింది!"

కచాలా మిల్లు ఆపేశాడు. పిండి చేతులతోనే కూతుర్ని కావలించుకుని నిజంగానే ఏడ్చాడు. ఆ ఆదివారం మేకను కోసి, ఊరందర్నీ పిలిచాడు. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ సంబరపు కేకలు పెట్టారు. కొత్త రేకుపెట్టె పక్కన తియామికే బిగుసుకుని నిలబడింది.

"నా రక్తం! కచాలా కూతురంటే ఏమనుకున్నారు మీరంతా?" అన్నాడు. "హెడ్మాస్టరు గారూ, దాని టీసీ అందరి ముందూ ఇవ్వండి. ఇక ఈ దుమ్ము బడితో దానికి పన్లేదు!"

హెడ్మాస్టరు ఇచ్చాడు. కచాలా ఆ కాయితాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి చూపించాడు. తర్వాత ఆడవాళ్ల మధ్య కూర్చున్న ఫెలేసియా వైపు తిరిగాడు. మగిరెటా అప్పటికే ఆమె నుంచి దూరంగా జరిగి కూర్చుంది.

"నువ్వు కష్టపడ్డావు, కాదనను. ఏం కావాలో అడుగమ్మాయ్. కచాలా ఇవాళ లేదనడు."

ఫెలేసియా అతని వైపు చూడలేదు. తీరిగ్గా చెయ్యి కడుక్కుని, హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"ఛైర్మన్ సీటు ఖాళీ అయిందిగా, ఎన్నిక ఎప్పుడు?"