ఐదో సీసా

"ఐదూ తెలుపే!" నిపుణుడు పడీపడీ నవ్వాడు. "మంచినీళ్ళని కూడా విషమనే కాగితం దేనికమ్మా, గోడకి అంటించుకోడానికా?"

"సీసాలు కడిగినంత తేలికనుకుంది పాపం," అన్నాడు పక్కనున్న సభ్యుడు. కమిటీ గది గొల్లుమంది.

ఆమె నవ్వలేదు. పన్నెండేళ్ళు ప్రయోగశాలలో సీసాలు కడిగిన మాట నిజమే. చదువుకున్నవాళ్ళు బల్లమీద వదిలేసిన పుస్తకాలు కూడబలుక్కుని చదివి, ఆ కాగితం చేసిన మాటా నిజమే. దానిలో ఒక ఎంజైమ్ ఉంటుంది. మంచినీళ్ళలో ముంచితే ఐదు నిమిషాల్లో కాగితాన్ని నీలం చేస్తుంది. పురుగుమందు తగిలిందా, దాని పని సరి. కాగితం తెల్లగానే ఉండిపోతుంది.

తోట పక్క బావిలో నీళ్ళు తాగి కూలిపోయిన తమ్ముడి చేతిలో ఇలాంటిదొకటి ఉంటే బతికేవాడు. కమిటీ ఊ అంటే ఇది ప్రతి బావి దగ్గరికీ వెళ్తుంది. కాదంటే చెత్తబుట్టకే.

నాలుగు సీసాల్లో నిపుణుడు మందు కలిపాడు. ఐదోదానిలో ఉత్త నీళ్ళు పోశాడు. కాగితం బోల్తా కొట్టింది అక్కడే.

"తప్పయిందని రాసివ్వు తల్లీ," అన్నాడు అధ్యక్షుడు. "ఆర్నెల్లాగి మళ్ళీ రా."

"చెయ్యని తప్పు ఎలా రాసివ్వను? ఐదోదాన్లో కూడా ఈయనే కలిపాడేమో!"

నిపుణుడికి ఒళ్ళు మండింది. "నా పిల్లల మీద ఒట్టు! నా చేత్తో పట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస!"

"మద్దెల సంగతి ఇప్పుడే తేలుద్దాం."

విసవిసా మెట్లు దిగింది. వీధి కుళాయి దగ్గర గ్లాసు నింపుకుని వచ్చి, అందరి ఎదుటా కొత్త కాగితం ముంచింది.

"ఇంకెంతసేపమ్మా? పెళ్ళిచూపులా?" అన్నాడు సభ్యుడు.

ఎవరో నవ్వబోయి ఆగారు. కాగితం అంచున నీలం పుట్టింది. చూస్తుండగానే కాగితమంతా పాకింది.

నిపుణుడు ఆమె చేతిలోంచి రెండు కాగితాలు లాక్కున్నాడు. ఒకటి ఐదో సీసాలో, ఒకటి గ్లాసులో తానే ముంచి గడియారం చూశాడు. సీసాలోది తెలుపు. గ్లాసులోది నీలం.

"మద్దెల బాగానే ఉంది," అంది ఆమె నిటారుగా నిలబడి. "సీసాలు కడిగేదాన్ని, నాకేం తెలుసు గానీ, ఆ ఐదోదాన్లో నీళ్ళు ఎక్కడ పట్టారో చెప్పండయ్యా."

నిపుణుడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. అధ్యక్షుడి వైపు తిరిగాడు.

"పొద్దుట్నుంచీ మనమంతా తాగుతున్నవే సార్."